క్రేనక్క చెయ్యి

ఆసుపత్రిలో ఆ ఆయాను అందరూ క్రేనక్క అనేవారు. ఎంత భారీ మనిషినైనా చంకల కింద చేతులేసి ఒక్కతే మంచం మీదికి ఎత్తేస్తుంది మరి! రోగిని ఇద్దరు కలిసి ఎత్తాలని గోడకు బొమ్మ అంటించారు. ఆ రెండో మనిషి బొమ్మలో తప్ప వార్డులో ఎన్నడూ కనబడలేదు. "నువ్వుండగా ఇంకొకరెందుకక్కా" అని అందరూ ఆమెకు మెచ్చి మేకతోలు కప్పారు. పిచ్చిది, ఇరవై రెండేళ్లు కప్పుకుంది.

మెడలో నరం నలిగింది. మొదట భుజం పీకింది, తర్వాత కుడిచెయ్యి తిమ్మిరెక్కింది, చివరికి ఆ తిమ్మిరి కూడా తెలియకుండా పోయింది.

"రోజంతా డాక్టర్ల మధ్యే తిరుగుతావు, ఒక్కరికైనా చూపించుకోవే అక్కా" అని చెల్లెలు పోరేది. చూపిస్తే బరువులెత్తొద్దంటారు. ఎత్తలేని ఆయాను వార్డులో ఎవరుంచుతారు? ఆ వార్డు తప్ప ఆమెకు వేరే లోకం లేదు. నోరు మూసుకుంది.

ఆ ఉదయం, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దావిడకు ఒళ్లు తుడవాలి. బేసిన్‌లో నీళ్లు పట్టి, అలవాటుగా కుడిచెయ్యి ముంచి చూసింది. గోరువెచ్చగా కూడా లేవనిపించింది. ఇంకాస్త వేడినీళ్లు కలిపింది. ఆవిరి కంటికి కనబడుతూనే ఉంది. కానీ ఇన్నేళ్లూ ఆమె నమ్మింది చేతినే. ఎడమచేత్తో పెద్దావిడను పక్కకు తిప్పి పట్టుకుని, కుడిచేత్తో తడిగుడ్డ వీపు మీద వేసింది. ఆవిడ మూలిగింది. ఎప్పుడూ ఉండే మూలుగే కదా అనుకుంది. అయ్యో! గుడ్డ తీసేసరికి వీపు ఎర్రగా కందిపోయి ఉంది.

హెడ్ నర్సు పరుగున వచ్చి చల్లటి నీళ్లు పోసింది, మందు రాసింది. ఆయాను పక్కకు పిలిచి, "గీజరు పాడైందని రాసేస్తాను. నువ్వేం మాట్లాడకు" అంది.

మంచి ఉపాయమే. గీజరు మీద ఎంత నింద వేసినా దానికి ఉద్యోగం పోదు.

"గీజరు బాగానే ఉంది సిస్టర్. నా చెయ్యే చచ్చుబడింది. అయిదు నెలలైంది" అందామె, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"అయిదు నెలలా! ఇంతకాలం చెప్పలేదేం?" అంది నర్సు. "రేపటినుంచి వార్డులోకి రావద్దులే."

"సరే."

ఏడుపొస్తుందేమోనని నిలబడి చూసింది. రాలేదు. పెద్దావిడ మంచం దగ్గరికి వెళ్లి, ఎడమచేత్తో దుప్పటి సర్దుతూ, "తప్పయిపోయింది తల్లీ" అంది. వెనక్కి తిరగబోతే అడుగు పడలేదు. వంగి చూసింది. పెద్దావిడ ఆమె కుడిచేతిని తన మంచి చేత్తో పట్టుకుని, వేళ్లు నిమురుతోంది. ఎప్పటినుంచి పట్టుకుందో ఆమెకు తెలియలేదు.