పొద్దుటి కమాండు మధ్యాహ్నం వెళ్ళిన రోజు

మొన్న రోహిణి కార్తె ఎండలో, జూలూరుపాడులో మా చెల్లెలింటి వసారాలో కూలరు ముందు కూర్చుని చింతపండు ఈనెలు తీస్తుంటే, చెల్లెలి కూతురు నన్ను లోపలికి పిలిచి తన లాప్‌టాప్ చూపించింది. గోదావరి పొంగినప్పుడు ఒడ్డు ఊళ్ళ ఫోన్లకు హెచ్చరికలు పంపే చోట ఆ పిల్లకు ఉద్యోగం. వానలు ముదిరితే ఇంట్లో నుంచే పని, అందుకని ముందుగానే అన్నీ సర్దుకుంటోంది. నేను చెప్పేది బొమ్మలూ రంగులూ ఉండే కంప్యూటరు సంగతి కాదు. ఉత్త నల్లటి తెర, దాని మీద అక్షరాల్లో కమాండు రాసి ఎంటర్ కొడితే యంత్రం తు.చ. తప్పకుండా ఆ పని చేస్తుంది. దాన్నే టెర్మినల్ అంటారు, నా ఉద్యోగమంతా దాని ముందే గడిచింది. "పెద్దమ్మా, గిది చూడు, నువ్ మురుస్తవ్" అంటూ తను కమాండులో మొదటి అక్షరాలు కొట్టగానే, కొట్టని మిగతా భాగమంతా బూడిద రంగులో దానంతటదే వచ్చి నిలబడింది. కుడివైపు బాణం మీట నొక్కితే ఆ బూడిద అక్షరాలు తెల్లబడి నిజం కమాండు అయిపోతాయట. నేను మురవలేదు. ఆ వరుస చివరి మాట చదివేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది పోయిన వానాకాలం ఆఖరున తను పంపిన కమాండు, హెచ్చరిక ఎత్తేశాం, అందరూ ఇళ్ళకు వెళ్ళిపోవచ్చు అని.

ఎలా అమర్చుకుందో కూడా ఓపిగ్గా చెప్పింది. మన కమాండ్లు విని పని చేయించే ప్రోగ్రాంను షెల్లు అంటారు, దానికి ఒక సెట్టింగుల ఫైలు ఉంటుంది. చిన్న ప్రోగ్రాం ఒకటి దించుకుని, ఆ ఫైలులో ఒక వాక్యం చేర్చి, తెర మూసి మళ్ళీ తెరిస్తే చాలునట. మనం ఇదివరకు కొట్టిన కమాండ్లన్నీ షెల్లు దాచుకునే ఉంటుంది కాబట్టి, కొత్తది మొదలుపెట్టగానే వాటిలో సరిపోయేది వెతికి ముందు పెడుతుంది. మా నాన్న మాట మొదలుపెడితే అమ్మ పూర్తిచేసేది, ఆయన అనదలుచుకున్నది అది కాకపోయినా సరే. ఆయన కాసేపు ఆలోచించి, అదే అయ్యుంటుందిలే అని ఊరుకునేవాడు. సంసారం అలా నడిచిపోతుంది గానీ గోదావరి దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఇంట్లోవాళ్ళు నాది చాదస్తం అంటారు, అననివ్వండి. నేను పిరికిదాన్నే, ఒప్పుకుంటాను, అయితే ఈ పిరికితనం పుట్టుకతో వచ్చింది కాదు, భద్రాచలంలో ఒక శ్రావణ మాసపు మధ్యాహ్నం పట్టుకుని ఇంతవరకు వదల్లేదు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. కరకట్టకు దగ్గర్లో, కిరాయి ఇంట్లో నడిచే చిన్న ఆఫీసు మాది. వెనక గదిలో నల్ల తెర మీద పచ్చ అక్షరాల కంప్యూటరు, దాన్ని టెలిఫోన్ తీగకు కలిపే మోడెం, ఒక ఫోను, ఒక వైర్‌లెస్ సెట్టు, ఎప్పుడూ చెమ్మ వాసన వేసే గోడలు. నీటిమట్టం చూసి పైవాళ్ళు మొదటి హెచ్చరికో రెండోదో మూడోదో ఖాయం చేస్తే మేం కమాండు కొట్టేవాళ్ళం, మోడెం కీచుమని అరిచి అవతలి మండల ఆఫీసును పిలిచేది, అక్కడి ప్రింటరులో ఆ సందేశం అచ్చయ్యేది. అక్కడి నుంచి అది మనుషుల కాళ్ళ మీద నడిచేది. రోడ్డున్న ఊళ్ళకు మైకు కట్టిన ఆటో పోయేది, రోడ్డు లేని గూడేలకు డప్పు చాటింపు. డప్పు వేసే మనిషి కోయ మాటల్లో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పుకుంటూ పోయేవాడు. నేను పుట్టింది పర్ణశాల పక్కనే, ఒడ్డు మీదున్న ఊళ్ళో. మా అమ్మా తమ్ముడూ అక్కడే మిరప తోట చూసుకుంటూ ఉండేవారు. అమ్మ ఆదివారం చర్చికి తప్ప ఊరు దాటని మనిషి. ఈ గదిలో కొట్టిన కమాండు తిరిగి తిరిగి చివరికి ఆమె గడప దగ్గరికే పోతుందని నాకు ఎప్పుడూ ఎరుకే.

ఆ గదిలో నాతో పాటు పనిచేసే ఆయన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని. మధిర వైపు మనిషి, మెత్తటి మాట, పనిలో చురుకు, టైపు కొట్టడానికి మాత్రం మహా బద్ధకం. మా కమాండ్లేమో చేంతాడంత ఉండేవి, మండలం పేరు, హెచ్చరిక సంగతి, ఇంకా ఏవేవో గుర్తులు. రోజూ అదంతా కొట్టలేక ఆయన షెల్లు సెట్టింగుల ఫైలులో రెండు వాక్యాలు చేర్చాడు. కమాండు మొదటి అక్షరాలు కొట్టి పైకి బాణం నొక్కితే, అలాగే మొదలయ్యే కమాండ్లలో ఆఖరున కొట్టింది మొత్తం వచ్చి నిలబడుతుంది. అక్కడక్కడ మార్చుకుని పంపేయడమే. ఇప్పటి బూడిద అక్షరాలకు అది తాత వరస. "వేళ్ళకు కాస్త విశ్రాంతి కావొద్దూ చెల్లెమ్మా" అన్నాడు, నేను నవ్వాను, ఆఫీసంతా వచ్చి చూసి మెచ్చుకుంది. ఆ వారం ఊరికి వెళ్ళినప్పుడు మా అమ్మకు కూడా గొప్పగా చెప్పాను, అందులో గొప్పేమిటో ఆమెకు అర్థం కాకపోయినా.

ఆ శ్రావణంలో నది మొదటి హెచ్చరిక దాటగానే పర్ణశాల వైపు ఒడ్డు జనాన్నంతా ఎత్తు మీదున్న బడికి చేర్చారు. అమ్మా తమ్ముడూ వాళ్ళలోనే ఉన్నారు. మర్నాడు పొద్దున, ఇంకో మండలంలో అడవి వాగులు తగ్గాయని, అక్కడివాళ్ళు ఇళ్ళకు వెళ్ళొచ్చని, హెచ్చరిక ఎత్తివేస్తూ కమాండు పంపాం. మధ్యాహ్నానికి పైవాళ్ళ ఫోను వచ్చింది. ఎగువన ఇంద్రావతి విరుచుకుపడుతోంది, పర్ణశాల వైపుకు రెండో హెచ్చరిక వెంటనే పంపండి, బడిలో ఉన్నవాళ్ళు కదలకూడదు అన్నారు. ఫోను నేను పట్టుకుని, విన్నది విన్నట్టు పైకి చెబుతున్నాను, అన్న కొడుతున్నాడు. మొదటి అక్షరాలు కొట్టి పైకి బాణం నొక్కాడు, పొద్దుటి కమాండు వచ్చింది, మధ్యలో ఉన్న మండలం పేరు చెరిపి కొత్త పేరు పెట్టాడు, ఎంటర్ కొట్టాడు. ఆలస్యం అమృతం విషం అని కదా మనమంతా నేర్చుకున్నది. కమాండు పొడవు ఎక్కువై తెర అంచు దాటి కింది వరుసలోకి మడత పడ్డ ఆ చివరి మాట ఒక్కటి మారలేదు.

మోడెం అరుపు ఆగాక, ఏం పంపామో తెర మీద మళ్ళీ కనిపించేది. నేను ఫోను పెట్టేసి చదివాను, చదివింది నమ్మలేక మళ్ళీ చదివాను. "అన్నా, మనోళ్లను ఇండ్లకు పొమ్మని పోయింది" అన్నాను. ఆయన వెంటనే సరైన కమాండును ఈసారి అక్షరం అక్షరం కొట్టాడు. మోడెం పిలిచింది గానీ అవతల ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ పిలిచింది, మళ్ళీ ఎత్తలేదు. వానకు తీగ ఎక్కడో తెగింది. వైర్‌లెస్ సెట్టులో గరగర తప్ప మాట లేదు. అంటే మా నుంచి ఆ మండలానికి చేరిన ఆఖరి మాట, ఇళ్ళకు వెళ్ళండి అన్నదే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు, వేలు జారినా అంతేనని ఆవేళ తెలిసింది.

అన్న ఆఫీసు జీపు తీసుకుని ఆ వానలోనే బయల్దేరాడు. నేను మోడెం దగ్గర ఒక్కదాన్నే మిగిలాను, కమాండు కొట్టడం, అది విఫలమైతే మళ్ళీ కొట్టడం, అంతకు మించి చేయగలిగింది లేదు. ఇంత వయసు వచ్చింది, పురుళ్ళు చూశాను, చావులు చూశాను, ఆ సాయంత్రం పడ్డంత భయం ఇంకెప్పుడూ పడలేదు. బడి నుంచి మా ఊరికి పోవాలంటే సీతవాగు దాటాలి. ఒకసారి దాటి ఇంటికి చేరారా, వెనక వాగు పొంగుతుంది, ముందు గోదావరి, మధ్యలో ఊరు, ఇక ఎటూ దారి లేదు. మా అమ్మ సంగతి నాకు తెలుసు, ఇంటికి పొమ్మంటే అందరికంటే ముందు చాప చుట్టేది ఆమే, అటక మీది మిరపకాయలూ వాకిట్లో కోళ్ళూ తప్ప ఆమెకు ఇంకో ధ్యాస ఉండదు. తమ్ముడు ఆగుదామన్నా వినదు. ప్రార్థన చేసుకుందామంటే చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినదే సగంలో ఆగిపోయేది. కాసేపటికి అన్న ఒళ్ళంతా తడిసి తిరిగొచ్చాడు. రోడ్డు మీద నడుం లోతు నీళ్ళు, బస్సులన్నీ వెనక్కి తిప్పేశారు. ఆయన కుర్చీలో కూర్చోలేదు, గోడకు ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు, నా ముఖం వైపు చూడలేదు.

దీపాలు పెట్టే వేళకు తీగ కలిసింది. మా గదిలో ఫోను మోగితే అవతలి మండల ఆఫీసు గుమాస్తా, మంచి కోపం మీద ఉన్నాడు. "ఏందమ్మా మీ లెక్క? పొమ్మంటిరి, జనం మూటలు నెత్తిన పెట్టుకొని ఎల్లిన్రు. సీతవాగు కల్వర్టు మీద నీళ్లు పోతున్నయ్, అడుగు పెట్టనియ్యలే. అందరు మళ్ల బడికే వచ్చిన్రు, గిప్పుడు మమ్మల్ని తిడుతున్రు." ఆయన తిడుతూనే ఉన్నాడు, నేను ఫోను పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను. గోదావరి వాగులోకి ఎగదన్ని కల్వర్టును ముంచింది. ఏ వరదకు భయపడి కమాండు కొట్టామో ఆ వరదే మా తప్పు మాట కంటే ముందు నడిచి వాళ్ళకు అడ్డం నిలబడింది. ఆటో, డప్పు మనిషి, ఎవరైనా ఇంకాస్త జల్దీ నడిచి ఉంటే అందరూ వాగు దాటి ఉండేవారు. తెల్లారేసరికి మా ఇంటి చూరు దాకా నీళ్ళు వచ్చాయి.

నీళ్ళు తీశాక వెళితే అమ్మ మొదట పోయిన కోళ్ళ గురించే చెప్పుకుంది, తర్వాత, "పొమ్మన్నోళ్లెవరో గాని బిడ్డా, దేవుడు వాగునడ్డం పెట్టిండు" అంది. ఎవరు పొమ్మన్నారో, ఎలా పొమ్మన్నారో నేను ఉన్నదున్నట్టు చెప్పాను. విని, "ఆ అన్నకు అన్నం తినబుద్ధయితాందా?" అని అడిగింది. నిజానికి ఆయన ఆ వారమంతా సరిగా తినలేదు. జరిగింది తానే పైవాళ్ళకు చెప్పుకున్నాడు, మాటలు పడ్డాడు, సెట్టింగుల ఫైలులో తాను చేర్చిన వాక్యాలు తానే తీసేశాడు. అప్పటి నుంచి మా గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకరు కమాండు మొత్తం కొట్టాలి, ఇంకొకరు తెర మీద వేలు పెట్టి బిగ్గరగా చదవాలి, చివరి మాట చదివాక అవ్ అనాలి, అప్పుడే ఎంటర్. కొత్తగా చేరినవాళ్ళు ఇదేం బడి పాఠమని నవ్వేవారు, నవ్వుతూనే నేర్చుకునేవారు. ఆయన ఉన్నంత కాలం ఆయన పక్కన నేనూ, ఆ తర్వాత నా పక్కన ఇంకొకరూ, అలాగే చదువుకున్నాం. ఇప్పుడు అమ్మ లేదు, అన్నా లేడు.

ఇదంతా చెబితే మా పిల్ల నవ్వలేదు. అప్పటికప్పుడు సెట్టింగుల ఫైలు తెరిచి, హెచ్చరికలు పంపే కమాండ్లు ఏవీ ఇక సూచనగా రాకుండా మినహాయింపు రాసింది. మిగతావాటికి కూడా బాణం నొక్కితే వాక్యమంతా ఒక్కసారే కాకుండా ఒక్కో మాట చొప్పున వచ్చేలా మార్చింది. ఆ బూడిద రంగు నా కళ్ళకు ఆనడం లేదంటే పసుపు చేసింది. ఆ తర్వాత మళ్ళీ అవే అక్షరాలు కొట్టి చూపించింది, ఈసారి వాటి పక్కన ఏమీ రాలేదు, తెర నల్లగా ఊరుకుంది. "ఇగ భయం లేదు పెద్దమ్మా, నువ్ నిమ్మళంగ ఉండు" అంది. అడగగానే చేసిపెట్టినందుకు ముద్దొచ్చింది, నిమ్మళం మాత్రం రాలేదు.

తన గదిలో తను ఒక్కతే పనిచేస్తుంది. చదివి అవ్ అనేవాళ్ళు పక్కన లేరు, ఆ పని కోసం ఇంకో మనిషిని పెట్టమంటే ఈ రోజుల్లో ఎవరైనా నవ్వుతారు. ఎంటర్ కొట్టిన మరుక్షణం ఒడ్డు ఊళ్ళన్నిటా, గూడేలన్నిటా, ప్రతి జేబులో, ప్రతి కొంగు ముడిలో ఫోను మోగుతుంది. ఆ వేగం ఎంత మేలు చేస్తుందో నాకు తెలుసు, నేనేమీ కొత్తకు శత్రువును కాను. అయినా మా తమ్ముడు ఆ ఒడ్డునే మళ్ళీ ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు, వాన మబ్బు కమ్మితే నాకు వాడి ఇల్లే కళ్ళ ముందు ఆడుతుంది. ఆ రోజు మా తప్పు మాట మండల ఆఫీసు మెట్లు దిగి, డప్పు మెడలో వేసుకుని, బురదలో కాళ్ళీడ్చుకుంటూ పోయింది, అందుకే నీళ్ళు దాన్ని దాటి ముందుకు పోగలిగాయి. ఇప్పుడు ఈ పిల్ల వేలికీ వాడి గడపకూ మధ్య ఏ వాగూ లేదు.