స్నానం చేసిన పచ్చ మునియాలు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ అవగానే రాయగడలో పక్షుల సర్వేలో రెండు నెలల ఉద్యోగం దొరికింది. పని నచ్చితే పొడిగిస్తామన్నారు. మాకు కావలసింది పచ్చ మునియా. పిచ్చుకలో సగం ఉండే పిట్ట. దీన్నీ, దీని తోబుట్టువు లాంటి ఎర్ర మునియానీ పంజరాల కోసం పట్టి అమ్మేస్తుంటే, పచ్చది కొండల్లో కనబడడమే గగనమై, సంతల్లో దాని ధర పెరిగిపోయింది. రెండింటి ముక్కూ ఎరుపే. పచ్చదానికి డొక్కల మీద నలుపు తెలుపు చారలుంటాయి, ఎర్రది జతకట్టే కాలంలో తప్ప మట్టిరంగే, రెక్కల మీద తెల్ల చుక్కలుంటాయి. (నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.)

ఒకరోజు లక్ష్మీపూర్ సంతలో అమ్మేవాడు పారిపోతే ఫారెస్టు గార్డు ఒక బుట్ట పట్టుకొచ్చి మా ఆఫీసు గదిలో పెట్టాడు. లోపల పదకొండు పిట్టలు, ఆకుపచ్చగా! విశాఖ నుంచి వచ్చిన మా సార్ ఆ రోజు కొరాపుట్‌లో ఉన్నారు. పచ్చ మునియాలు దొరికాయని ఫోన్ చేసి చెప్పేశాను, ఫారం కూడా నింపేశాను. రెక్కల మీద చుక్కలు కనబడ్డాయి, అబద్ధమెందుకు? దుమ్మనుకున్నాను. చారలు కనబడలేదు. పిల్లలు కదా, ఇంకా రాలేదనుకున్నాను.

మర్నాడు సార్ వచ్చేసరికి రంగుల కొట్టు మూసి మా నాన్న కూడా కూతురి ఘనకార్యం చూడ్డానికి వచ్చాడు. పిట్టలకి తాగడానికని బేసిన్‌తో నీళ్ళు పెట్టాను. అవి తాగలేదు, దిగి స్నానం మొదలుపెట్టాయి. నీళ్ళు పచ్చబడుతున్నాయి, పిట్టలు మట్టిరంగుకి తిరుగుతున్నాయి. నాన్న నీళ్ళలో వేలు ముంచి వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఏటమ్మీ, ఇది మన కొట్లో రంగే! బుట్టలకి ఏసుకుంతానని మొన్నొకడు పట్టుకెల్లేడు."

"బుట్టలకా నాన్నా?"

"ఆడు బుట్టలనే సెప్పేడు. లోపల పిట్టలున్నాయని నాకేటి తెలుసు?"

సార్ నవ్వలేదు. "చుక్కలు చూశావా?" అన్నారు.

"చూశాను సార్."

"మరి?"

"పచ్చవైతే బాగుండుననుకున్నాను సార్."

ఆయన ఫారం నా చేతికే ఇచ్చారు. నేనే కొట్టేసి 'ఎర్ర మునియా' అని రాశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోలేదు. "ఇకమీదట పట్టుబడ్డ ప్రతి పిట్టకీ ముందు స్నానం, తర్వాతే పేరు. ఆ పని నీదే," అన్నారు. (నాన్న మాత్రం రంగు కొనడానికి ఎవరొచ్చినా "పిట్టలకి కాదు గదా?" అని అడగడం మొదలెట్టాడు.)

మొన్న మా ఏడు నెలల పాప చెంప పసుపుగా కనబడింది. కామెర్లేమో! డాక్టరుకి ఫోన్ చేయబోతూ ఆగి, తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ పసుపైంది. "నలుగెట్టేనే, అలా సూస్తావేటి?" అంది వెనక నుంచి మా అమ్మ. అక్కడే కూలబడి నవ్వేశాను. రంగు పోకూడదని బేసిన్ ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చింది. మొన్న అదే పిల్ల, రంగు పోవాలని అంతకన్నా గట్టిగా కోరుకుంది.