గడియ వేసిన మనిషి

పాలక్క నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా ఎరుగుదురు. ఎవరింట్లో అలక, ఎవరి కోడలికి నెల తప్పింది, అన్నీ పొద్దున్నే పాలు పోస్తూ చెప్పేస్తుంది. చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటే మరీ ప్రమాదం, ఆ ఒట్టు సంగతి కూడా కలిపి చెబుతుంది. అలాంటి మనిషి ఒక్క మాటను కడుపులో దాచుకుని తేలు కుట్టిన దొంగలా తిరిగిందంటే నమ్ముతారా? తిరిగింది మరి.

ఊరి చివరి వీధి ఆమెది. ఇంటి వెనక పశువుల కొట్టం, కొట్టం వెనక కంచె, కంచె అవతల అడవి. మొగుడు లారీ తోలతాడు, ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. కబుర్లకు ఆమెకు గేదెలే దిక్కు. ఆమె చెయ్యి తగిలితే తప్ప పాలు చేపని గేదెలు కొన్ని ఉన్నాయి, ఆ సంగతి చెప్పుకోవడం ఆమెకు మహా ఇష్టం.

అటవీశాఖ వేసిన ఆ కంచెకు కాపలా ఆమె మరిదిది. పక్కిల్లే. పొద్దు వాలగానే కంచె తలుపు మూసి గడియ వేయడం అతని పని. బంగారంలాంటి మనిషే, కాకపోతే కాస్త పరధ్యానం. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం. "మెడకి అంటుకుని ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే మా మరిది తల కూడా ఎక్కడో పెట్టి మరచిపోయేవాడు" అని వీధిలో అందరినీ నవ్వించేది పాలక్కే.

అడవి గేదెల మాట వస్తే మాత్రం ఆ మనిషి ఏదీ మరచిపోడు. అన్నం ముందు కూర్చుని చెయ్యి ఎండిపోయేదాకా చెబుతాడు. మందకు పెద్ద దిక్కు ముసలి గేదేనట, దున్న కాదట. అది కదిలితేనే మంద కదులుతుంది, అది బురదగుంటలో దిగితేనే మిగతావి దిగుతాయి. పులి వాసన తగిలితే పెద్దవన్నీ దూడల్ని వెనక్కి నెట్టి, కొమ్ములు ముందుకు పెట్టి వరుసగా నిలబడతాయి. సాటి దున్న చేతిలో ఓడినది ఒంటరిగా తిరుగుతుంది.

"ఒంటిదున్న అంటే అందరికీ హడలు వదినా," అనేవాడు. "దాని దారి దానికి వదిలితే ఏమీ చెయ్యదు. తలెత్తి చూస్తుంది, బుసకొడుతుంది, నేల గీరుతుంది. పక్కకి తప్పుకున్నామా, వెళ్ళిపోతుంది. దారి మూశామా, మన పని అయిపోయినట్టే."

ఆ ఏడు అలాంటిదొకటి కంచె పక్కనే తచ్చాడింది. పాలక్క పెద్ద గేదేమో ఊరి దున్నతో ఎన్నిసార్లు దాటించినా చూడి నిలవడం లేదు. అడవి దున్నకు పుట్టిన దూడ ఉక్కుముక్కలా ఉంటుందని ఆ వీధిలో పాత నమ్మకం. అలా కలపకూడదని, ఊరి పశువుల రోగాలు అడవి మందకు అంటుకుంటాయని, దాని జాతే మారిపోతుందని మరిది నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. ఆమె వింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు వింది.

గేదె ఎదకొచ్చిన సాయంత్రం, మరిది గడియ వేసి ఇంటికి వెళ్ళాక, ఆమె వెళ్ళి గడియ తీసింది. దున్న మూతి పైకెత్తి, పెదవి మడిచి గాలి పీల్చింది. తొందర లేకుండా నడుచుకుంటూ కొట్టంలోకి వచ్చింది.

తెల్లారేలోపు అదే పోతుందనుకుంది పాలక్క. పోలేదు. వీధి నిద్ర లేస్తోంది. ఎవరి కంటనైనా పడితే పరువు పోతుందని కొట్టం వెనక తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక వదలొచ్చులే అనుకుని పాలు పోయడానికి వెళ్ళింది. ఏం తెలివి, ఏం తెలివి!

మరిది తన పాపకు ఆమె తీసిపెట్టే పాల కోసం చెంబు పట్టుకుని, రోజూలాగే ముందు తలుపు తోసుకుని కొట్టంలోకి వచ్చాడు. దున్నకు తెరుచుకున్న దారి అదొక్కటే. ఆ దారిలో అతను ఉన్నాడు. తొడ ఎముక విరిచి, అతన్ని దాటి, వీధిని హడలగొట్టి, తెరిచి ఉన్న కంచె తలుపులోంచి అడవిలోకి పోయింది. కేకలు విని పాలక్క పరుగెత్తుకొచ్చింది. అందరూ మరిదిని పైకెత్తుతుంటే ఆమె చేసిన మొదటి పని, వెనక తలుపు గొళ్ళెం తీయడం.

"కంచె తలుపు ఎవరు తెరిచారు?" అని అటవీ ఆఫీసరు వచ్చి అడిగాడు. మరిది మూలుగుతూనే అందుకున్నాడు: "నేనే మరచిపోయుంటాను సార్. వేసినట్టే అనిపిస్తోంది. కానీ నాకు అనిపించినదానికి విలువేముంది?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలాడించారు. ఎందుకు ఆడించరు, ఇన్నేళ్ళూ వాళ్ళకు ఆ పాఠం చెప్పింది ఆమే కదా.

అతను మంచం మీద ఉన్నన్నాళ్ళూ పాలు తనే తెచ్చి పోసింది. మీగడ కట్టిన పాలన్నీ ఆ ఇంటికే. "మా వదిన దేవత" అన్నాడు ఒకరోజు. ఇంటికొచ్చి గేదె మెడ పట్టుకుని ఏడ్చింది. ఆ గేదె ఈసారి చూడి నిలిచింది కూడా. ఆ పొట్ట చూస్తే ఆమెకు అన్నం సయించేది కాదు.

కాలు అతుక్కుంది, కుంటుతూ నడిచాడు. మనిషి మాత్రం అతుక్కోలేదు. పొయ్యి ఆర్పారా అని లేచి చూసేవాడు, వచ్చి పడుకుని మళ్ళీ లేచేవాడు. వాళ్ళ నాన్న చివరి రోజుల్లో కన్నకొడుకుల్నే పోల్చుకోలేకపోయాడు. అది తనకూ మొదలైందని అతని భయం.

ఒక ఉదయం తోడికోడలు పాలగిన్నె అందుకుంటూ కళ్ళు తుడుచుకుంది. "పాపని కాసేపు వీధిలో తిప్పమంటే వద్దంటాడక్కా. ఎక్కడైనా కూర్చోబెట్టి మరచిపోతే అంటాడు. కన్నబిడ్డని ముట్టుకోవడం మానేశాడు. రేపు కాపలా పని కూడా వదిలేస్తాడట. ఆఫీసువాళ్ళేమో ఆ దున్నకి పొగరెక్కిందని, పట్టి దొడ్లో పెడతామంటున్నారట."

పాలక్క బిందె అక్కడే దింపి లోపలికి వెళ్ళింది. మరిది గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"కంచె గడియ నేను తీశాను," అంది. "నువ్వు వెళ్ళాక తీశాను. మా గేదె కోసం. కొట్టం వెనక తలుపూ నేనే మూశాను. దానికి దారి లేకుండా చేసింది నేనే. నన్ను కొట్టు, తిట్టు, నీ ఇష్టం."

అతను లేచి కూర్చున్నాడు. కాలు సంగతి అడుగుతాడనుకుంది. అడగలేదు.

"అంటే నేను గడియ వేశానా?"

"వేశావు."

"నువ్వు చూశావా?"

"చూశాను నాయనా. వేసి, ఒకసారి లాగి కూడా చూశావు. నేను చెట్టు చాటున ఉన్నాను."

"అవును! లాగి చూశాను!" అన్నాడు. ముఖం చేతుల్లో దాచుకుని భోరున ఏడ్చాడు. ఏడుస్తూనే పెళ్ళాన్ని కేకేశాడు. "పాపని ఇలా తే! నా దగ్గరికి తే!"

తోడికోడలు పాపను అతని ఒళ్ళో పెట్టి, పాలక్క వైపు చూసింది. మరిది పాప తల నిమిరాడు.

"ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే, వదినా," అన్నాడు, "నాకు కాలొక్కటే పోయేది."

పాలక్క చెప్పులు వేసుకుని, ఆ దున్న తప్పేమీ లేదని చెప్పడానికి ఆఫీసు దారి పట్టింది.