వెనక వరుసను అడగని రోజు

వాన వెలిశాక కిటికీ తెరిస్తే, తడిమట్టి వాసన కంటే ముందు మందుల ఫ్యాక్టరీల ఘాటు లోపలికి వస్తుంది. పటాన్‌చెరులో ఇన్నేళ్లున్నా నా ముక్కు దానికి అలవాటు పడలేదు. ఆ ఘాటు తగిలినప్పుడల్లా సర్పంచ్ సాయిలుగారు గుర్తొస్తారు.

మావారికి ఇక్కడ ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం రావడంతో కృష్ణా జిల్లా నుంచి వచ్చాం. నాకు దగ్గర్లోని ఊరి బడిలో టీచరు పని దొరికింది. ఆ ఊరి సర్పంచే సాయిలుగారు. సొంత పొలం దున్నుకునే రైతు. ఒకరోజు బడి అరుగు మీద కూర్చుని అడిగారు.

“టీచరమ్మా, నీ ఓటు ఏడున్నది?”

“మా ఊళ్లోనండీ. ఎన్నికలకు వెళ్లి వేసొస్తాం.”

“నీళ్లు ఈడ తాగుతవు, ఓటు ఆడ ఏస్తవా? ఆడి సర్పంచొచ్చి నీ బడి ముందట మురికి మోరీ తీపిస్తడా?”

ఎవరి లెక్కలోనైనా తప్పు పట్టే అలవాటు నాది. అందులో తప్పు దొరకలేదు. ఆ ఏడే ఓటు ఇక్కడికి మార్చుకున్నాను.

ఓటుతో పని తీరిపోతుందనుకుంటే ఆయనకు కోపం. “ఓటు ఒక్కనాటి ముచ్చట. తెల్లారినంక అడుగుడే అసలు పని” అనేవారు. గ్రామసభలో వెనక వరుసలో కూర్చున్న ఆడవాళ్లను మొదట మాట్లాడించేవారు. పెద్దల మాట విన్నాక వాళ్లిక లేవరని ఆయనకు తెలుసు.

“ఏందే లచ్చవ్వ, ఇంట్ల మొగన్ని తిడితె వాడకట్టంత ఇనవడ్తది. ఈడ నోరు పోయిందా?”

“యాడికి పోలే సర్పంచ్ సాబ్, నీ కోసమే దాసిపెట్టిన!”

సభంతా నవ్వేది. ఆ నవ్వులోనే లచ్చవ్వ లేచి, ఊరి మంచినీళ్ల బావి గిలక విరిగిన సంగతి అడిగేసేది.

ఆ బావి ఉన్న శివారులోనే ఒక మందుల ఫ్యాక్టరీ పెడతామని కొందరు వచ్చారు. ఇంటికో ఉద్యోగమన్నారు. సభకు ముందు సాయిలుగారు నాతో, “నాకైతే ఇష్టం లేదు. బాయి ఖరాబైతదని భయం. కని నేనొక్కన్నే ఊరు గాదు గద” అన్నారు.

ఆరోజు షామియానా వేశారు. ఫ్యాక్టరీవాళ్లు, ఊరి పెద్దలు జనానికి ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. “జల్దీ కానియ్యండి” అంటూ ఒక అధికారి తొందరపెట్టాడు. సాయిలుగారు తన పద్ధతి వదిలేసి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. ముందువాళ్లు ఎత్తారు. వాళ్లను చూసి వెనకవాళ్లూ ఎత్తారు. ఆయన సంతకం పెట్టారు.

కొన్నేళ్లకు బావి నీళ్లు రంగు మారాయి. అన్నం పచ్చబడింది, గొడ్లు మూతి పెట్టలేదు. “సంతకం నీదే గదా” అని ఊరివాళ్లు ఆయన మొహం మీదే అన్నారు. తనకు ఇష్టం లేకపోయిందని ఆయన ఒక్కరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పరని నేనే నిలదీశాను.

“సభల చెప్పనిది ఇప్పుడు చెప్తె ఏం ఫాయిదా? ఊరిని అడిగిన అనుకున్న టీచరమ్మా. చేతులు లేపమన్న, నోర్లు తెరవనియ్యలే. లచ్చవ్వను ముందు లేపితే బాయి మాట ఎత్తకపోవునా?”

మళ్లీ ఆయన సర్పంచ్ కాలేదు. ఆ బాధ మనసులో పెట్టుకునే కన్నుమూశారు.

ఈమధ్య ఆ ఫ్యాక్టరీ విస్తరణకు సభ పెడితే, వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. ఏ సభకు వెళ్లినా నా కళ్లు మొదట ఆ వరుసకే పోతాయి. పెద్దల ప్రసంగాలయ్యాక చేతులెత్తమన్నారు. నేను లేచి, “ముందు ఈ వరుసవాళ్లు మాట్లాడాలి” అన్నాను. పక్కనున్న అమ్మాయిని, “నువ్వేమంటావమ్మా?” అని అడిగాను.

“నన్నడుగుతున్రా?” అంది బిత్తరపోయి.

మైకు తీగ అక్కడిదాకా రాలేదు. ముందువాళ్లు కుర్చీలు మా వైపు తిప్పుకునేదాకా నేను కూర్చోలేదు. అప్పుడు ఆమె లేచింది.

“దినాం డబ్బా నీళ్లు కొంటున్నం సార్. మా అత్త లచ్చవ్వ చెప్పేది, ఊర్ల తియ్యటి నీళ్ల బాయి ఉండెనంట. అది ఎక్కడుండెనో మాకు సూపిస్తరా?”

ఆ బావిని పూడ్చిన చోటే ఆరోజు సభకు షామియానా వేశారు.