పదిహేడు ‘మేము’లు

రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే అక్కకు లెక్కపెట్టడమే వృత్తి. సూక్ష్మదర్శిని కింద నూరు తెల్లకణాలను రకాలవారీగా ఎంచి, ఒక్కో రకానికి ఒక్కో మీట చొప్పున నొక్కుతూ పోవాలి. పదిహేనేళ్ళుగా ఆమె వేళ్ళకు అదే అలవాటు. అందుకే ఆ ఆదివారం భోజనాల దగ్గర చెల్లెలు మాట్లాడుతుంటే, అక్క మనసులోనే రెండు మీటలు అమర్చుకుంది. ఒకటి ‘మేము’కు, రెండోది ‘మనం’కు. కంచాలు తీసే వేళకు లెక్క తేలింది. ‘మేము’లు పదిహేడు, ‘మనం’లు రెండు. ఆ రెండింటిలో ఒకటి కారుతున్న కుళాయి గురించి, మరొకటి ఇంటి తాళంచెవి గురించి.

పదిహేడింటిలో ఒక్కదానిలోనూ అక్క లేదు.

తల్లి పోయేనాటికి చెల్లెలికి ఐదేళ్ళు, అక్కకు పంతొమ్మిది. తండ్రి అంతకు ముందే పోయాడు. అక్క ఆ ఏడే ల్యాబులో చేరింది. చెల్లెలికి జడలు వేసింది, జ్వరాలకు మేలుకుంది, బడి మారిన ప్రతిసారీ కొత్త ప్రధానోపాధ్యాయురాలి ఎదుట నిలబడి సంతకం చేసింది. బడులు నాలుగు మారాయి. ఆ పిల్ల ఎక్కడా ఇమడలేదు. తరగతి ఫోటోలన్నిటిలోనూ చివరి వరుసలో, అంచుకు ఆనుకుని, భుజం సగం తెగిపోయి కనిపిస్తుంది. కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేసి, పదకొండు నెలలు గది తలుపు వేసుకుంది. ఏమడిగినా ఊఁ, ఆఁ తప్ప పలుకు లేదు. ఆ ఊఁ, ఆఁ అయినా అక్కకే దక్కేవి. ఆ రోజుల్లో అక్క పడ్డ దిగులు అబద్ధం కాదు. కానీ దిగులు అడుగున పలచగా తృప్తి కూడా పేరుకుని ఉండేదని ఆమెకు ఈమధ్యే తెలిసివచ్చింది.

కళ్ళద్దాలు తయారుచేసేచోట ఆరు నెలల శిక్షణ ఇస్తారన్న ప్రకటనను కత్తిరించి తెచ్చింది కూడా అక్కే.

రెండో అంతస్తులో రెండు గదులు, ముగ్గురు మనుషులు. సానమీద అద్దం అంచు చెక్కే ముసలాయన సానతాత. ఫ్రేములు బిగించే ఆవిడ స్క్రూ పిన్ని. డాక్టర్ల గొలుసు రాతలు విప్పి అంకెలు చదివే మనిషి చీటీ బాబాయి. మూడో వారానికి చెల్లెలికీ పేరు పడింది. పరికరం ముట్టుకోకుండా వట్టి చూపుతో అద్దం నడిబిందువును మిల్లీమీటరు తేడాలో చెప్పిందట. అప్పటినుంచి ఆమె కంటిపాప.

ఆ తర్వాత మార్పు ఇంటికీ చేరింది. పది దాటితే గాని లేవని పిల్ల ఐదున్నరకే లేచి స్నానాల గదిలో కూనిరాగం తీసేది. తపాలా మనిషితో వేళాకోళమాడేది. పక్కింటావిడ మెట్లమీద ఆపి, మీ చెల్లెలు ఎంత మారిపోయిందండీ, ఏం మంత్రం వేశారని అడిగింది. అక్క నవ్వింది. ఇన్నేళ్ళూ ఆ పిల్లకు తల్లీ, పిన్నీ, తాతా, బాబాయీ అన్నీ తానే. ఇప్పుడు ఆరు నెలలు తిరక్కుండానే, తనకు మాటమాత్రమైనా చెప్పకుండా ఆ పదవులన్నీ భర్తీ అయిపోయాయి.

కిందటి నెల అక్క చూపు మారితే కొత్త అద్దాలు చెల్లెలే చేసిచ్చింది. కుడికన్ను సిలిండరు శక్తి ఒకటింపావు, దాన్ని అద్దంలో నిలపాల్సిన కోణం, అంటే అక్షం, నూటడెబ్బై డిగ్రీలు. ల్యాబులో కణాల అంచులు అంత తీరుగా అక్కకు మునుపెన్నడూ కనబడలేదు. ఆ సంగతి ఆమె చెల్లెలికి చెప్పలేదు.

శిక్షణ శుక్రవారంతో ముగుస్తుంది, శనివారం ఉద్యోగపు ఉత్తరం ఇస్తారు. ఈ వారంలో ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇంకో మూడు నెలలు ఆగాలని చెల్లెలు చెప్పింది. ఆ మాట అక్కను రెండు రోజులు తొలిచింది. బుధవారం మధ్యాహ్నం విరామంలో అక్క ఆ అద్దాలు చేసేచోటి మెట్లు ఎక్కి, తలనొప్పిగా ఉందనీ, కుడి అద్దం అక్షం తప్పిందేమో చూడమనీ అడిగింది.

తన ల్యాబులో ప్రతి కాగితం మూలనా చేసినవారి పొడి అక్షరాలుంటాయి. తప్పు దొరికిందంటే ముందు వెతికేది వాటినే. ఇక్కడా అదే అడుగుతారని ఆమె ఎదురుచూసింది. ఎవరూ అడగలేదు. చీటీ బాబాయి అద్దాలు అందుకుని, “మేము చేసిందే కదమ్మా, చూస్తాం,” అన్నాడు.

అది పద్దెనిమిదో ‘మేము’. కానీ ఈసారి ఆ మాట లోపలి భాగం అక్కకు కనబడింది. అందులో నలుగురు నిలబడి ఉన్నారు, ఏ ఒక్కరూ ఒంటరిగా నిలబడే పని లేకుండా. పదిహేనేళ్ళ కష్టంలో ఆ పిల్లకు తాను ఇవ్వలేకపోయింది అదొక్కటే. ఇవ్వడానికి తాను ఒక్కతే అయిపోయింది మరి. అసూయ తగ్గలేదు సరికదా, కారణం తెలిసేసరికి ఇంకా ఎక్కువైంది.

అద్దం శక్తి, అక్షం కొలిచే లెన్సోమీటరులో పెట్టి చెల్లెలే చూసింది. అద్దంమీద సిరాతో మూడు చుక్కలు వేసి, అంకె చదివింది. నూటఅరవై తొమ్మిది. మూడు డిగ్రీల దాకా తేడా సమ్మతమే. సానతాత తానూ ఓసారి చూసి, అంకె సరిగానే ఉన్నా తలనొప్పి వస్తున్నది పెట్టుకునేవాళ్ళకు గనుక మళ్ళీ చేసిద్దామన్నాడు. స్క్రూ పిన్ని ఫిర్యాదుల పుస్తకం తీసి, తేదీ వేసి, ఈ వారం పోయాక రాసుకుంటే మునిగిపోయేదేముందని గొణిగింది.

“రాసేయి పిన్నీ,” అంది చెల్లెలు. “చేసింది నేనే. మా అక్క అబద్ధం చెప్పే మనిషి కాదు.”

స్క్రూ పిన్ని కలం మూత తీసింది.

“తలనొప్పి లేదు,” అంది అక్క.

చెల్లెలు తిరిగి చూసింది. “మరెందుకొచ్చావు?”

“అద్దాలు బాగున్నాయి. చాలా బాగున్నాయి. అందుకే వచ్చాను.”

స్క్రూ పిన్ని కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, “ముప్పై ఏళ్ళలో అద్దం బాగుందని పోట్లాటకొచ్చినావిడ మీరొక్కరే తల్లీ,” అంది. ఎవరూ నవ్వలేదు. తేదీ వేసిన వరస ఖాళీగా వదలడానికి వీల్లేదంటూ ఆమె పుస్తకం అక్కవైపు తిప్పింది. కారణం గళ్ళు నాలుగున్నాయి: శక్తి, అక్షం, ఫ్రేము, ఇతరం. నాలుగో గడిలో అక్క ‘పెట్టుకున్న మనిషి’ అని గుండ్రంగా రాసి, పక్కనే తన పొడి అక్షరాలు వేసింది.

చెల్లెలు అది చదివింది. మెత్తని గుడ్డతో మూడు చుక్కలూ తుడిచి, అద్దాలను రెండు చేతులా పట్టుకుని చాపింది.

“పెట్టుకుని చూసుకోండి,” అంది.

వచ్చేపోయేవాళ్ళందరితో అనే మాటే అది. ఆ ‘అండి’ అక్కకు సూదిలా దిగింది. అయినా అద్దాలు పెట్టుకుని, బాగున్నాయని చెప్పి, తలుపు దాటింది.

సగం మెట్లు దిగాక వెనక అడుగుల చప్పుడైంది. చెల్లెలు పైమెట్టు మీదే ఆగిపోయింది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది.

“సాయంత్రం రావడం ఆలస్యమవుతుంది,” అంది. “గడియ పెట్టకు.”

ఎందుకు ఆలస్యమో, ఎవరితోనో అడగాలని అక్కకు నాలుక చివరిదాకా వచ్చింది. కమ్మీ పట్టుకుని ఆ ప్రశ్నను మింగింది.

“పెట్టను,” అంది.