జడ్జిగారికి నేను చేసిన వీడ్కోలు సన్మానం

మా ఆవిడ ఖతర్‌లో అడుగు పెట్టకుండా నా అతితెలివే అడ్డుపడబోయిన వైనం చెబుతాను. నవ్వుకోండి గానీ, మీరు మాత్రం ఇలాంటి పని చేయకండి.

తొంభైల్లో దోహాలో అకౌంటెంటుగా ఉండేవాణ్ణి. మా మేనేజరు అమెరికా ఆయన. ఆయన సంతకం పెడితే మా ఆవిడకు వీసా వస్తుంది. ఆ కాగితమేమో ఎన్నాళ్లుగానో ఆయన బల్ల మీద నిద్రపోతోంది.

అంతలో ఆయన మామగారు చుట్టపుచూపుగా వచ్చారు. అమెరికాలో ఫెడరల్ జడ్జి, వయసు ఎనభైకి దగ్గర. ఈయన్ని మెప్పిస్తే అల్లుడు కరుగుతాడనుకున్నాను. మన జడ్జీలు అరవై దాటాక ఇంటికెళ్లాల్సిందే కదా, ఈయనా రిటైరయ్యే ఉంటారని తీర్పు చెప్పేశాను. విచారణ లేదు, సాక్షి లేడు.

నా రూమ్మేటు యాదగిరిది కరీంనగర్. "ఒక్క మాట అడిగితే నీదేం పోతది అన్నా?" అన్నాడు. పెద్దవాళ్లను అలాంటివి అడుగుతామా అని కసిరాను.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేముండే విల్లా హాల్లో తెలుగువాళ్లందర్నీ పోగేసి సన్మానం పెట్టాను. శాలువా ఎందుకు, వేసిన దండ వెంటనే ఎందుకు తీసేస్తారు అని జడ్జిగారు ఒకటే ప్రశ్నలు. నాకూ ఆయన సంగతులు తెలుసుకోవాలని మహా ఆత్రం. చిన్న ఊళ్లో వకీలుగా మొదలెట్టారట. జడ్జి పదవికి ప్రెసిడెంటు ఈయన పేరు చెప్పాక, అక్కడి పెద్దల సభ సెనేట్ వాళ్లు ఎదురుగా కూర్చోబెట్టి గుచ్చిగుచ్చి అడిగి మరీ ఒప్పుకున్నారట. అచ్చం పెళ్లిచూపులే. అన్నీ అడిగాను, ఆ ఒక్కటి తప్ప.

తర్వాత మైకు అందుకున్నాను. బరువు దించుకున్నారు, ఇక కృష్ణా రామా అనబోయి, ఏసుప్రభువును తలుచుకుంటూ శేషజీవితం గడపాలని ఇంగ్లీషులో దీవించినంత పని చేశాను. మేనేజరు మొహం పాలిపోయింది.

జడ్జిగారు శాలువా సర్దుకుని లేచారు. "మా కొలువు బతికినంతకాలం, బాబూ. సెలవు అయిపోగానే కోర్టుకెళ్లాలి. నేను కుర్చీ దిగాలంటే నా అంతట నేను మానుకోవాలి, తప్పు చేస్తే సెనేట్ వాళ్లు గెంటాలి, లేదా చచ్చిపోవాలి. ఈ మూడింట్లో ఈ సన్మానం దేనికి?"

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ రిటైర్మెంటే లేదు, వీడ్కోలు సభ అయిపోయింది. మా ఆవిడ వీసా గాల్లో కలిసిపోయినట్టే కనిపించింది.

"మూడోది అనకు అన్నా," అని యాదగిరి వెనక నుంచి గొణిగాడు.

ఇక దాచలేక నిజం చెప్పేశాను. "సంతకం కోసమండీ. మా ఆవిడ వీసా కాగితం మీ అల్లుడుగారి బల్ల మీద ఉంది."

జడ్జిగారు పకపకా నవ్వి అల్లుడి వైపు తిరిగారు. "కేసులు పెండింగులో పెట్టేది మేమేననుకున్నానే," అన్నారు. మర్నాడే సంతకం అయింది.

మా ఆవిడ వచ్చి కథంతా విని, "ఆ ఒక్క ముక్క అడగడానికేం వచ్చిందండీ మీకు?" అంది. విచారించకుండా ఈ జన్మలో ఎవరినీ రిటైర్ చేయనని అక్కడికక్కడే ఆవిడ ముందు ప్రమాణం చేశాను. ఇప్పటికీ మా ఇంట్లో తీర్పులు ఆవిడవే. ఆవిడదీ జీవితకాలపు నియామకమేనని నాకు తర్వాత తెలిసింది.