జానయ్య బావ అంకెల చిట్టీలు

మా బావ జానయ్యకు ఒక్కటే జబ్బు. ఏ మాటనైనా అంకెల్లోకి మార్చి, కాగితం ముక్క మీద రాసి, ఎదుటివాడి చేతిలో పెట్టి, వాడు తల గోక్కుంటుంటే చూసి ఆనందిస్తాడు. వేరే చెడు అలవాటు లేదు. చుట్ట తాగడు, పేకాడడు, ఎవరి జోలికీ పోడు. ఈ ఒక్కటి కూడా లేకపోతే ఆయన్ని దేవదూతల్లో కలిపేసేవాళ్లమని మా అక్క శాంతకుమారి అంటుండేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం మాత్రం దేవదూత మొహంలా ఉండేది కాదు.

లెక్క చాలా సులువని బావ అభిప్రాయం. క ఒకటి, ఖ రెండు, గ మూడు, అట్లా వరుసగా పోతే ప ఇరవై ఒకటి, చివరి ళ ముప్పై నాలుగు. వంకాయ కావాలంటే 29-1-26 అని రాస్తాడు. గుణింతాలకు, ఒత్తులకు వేరే నంబర్లు లేవు. అవి ఎదుటివాడి తెలివికి వదిలేశాడట. మా తెలివి ఎంతో ఆయనకు తెలియక కాదు. అచ్చులకు కూడా నంబర్లు లేవు కనుక ఆ ఇంట్లో ఉల్లిగడ్డ ఒక్కటే నోటితో అడిగి తెప్పించుకునే వస్తువు.

నేను కోదాడవాణ్ణి, పేరు మత్తయ్య, దర్జీని. పందొమ్మిది వందల నలభై ఆరులో కుట్టు మిషనుతో మిర్యాలగూడ వచ్చి, అక్కావాళ్ల ముందు గదిలో దుకాణం పెట్టాను. బావ అక్కడి క్రైస్తవ మిషన్ బడిలో పంతులు. వచ్చిన మూడో రోజే నా బల్ల మీద ఒక చిట్టీ పెట్టి బడికి వెళ్లిపోయాడు. 21-28 అని ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టి, ప అనీ ల అనీ తేల్చి, పూలు కాబోలనుకుని మూరెడు కనకాంబరాలు తెచ్చి అక్కకిచ్చాను. లోపల చర్చి సంఘం పెద్దలు నలుగురు చాయ్ కోసం కూర్చుని ఉన్నారు. అక్క పొయ్యి మీద నీళ్లు మరగబెట్టుకుని పాల కోసం ఎదురుచూస్తోంది. సాయంత్రం బావ నా చిట్టీ తీసి చూసి, అక్షరాలు సరిగానే పట్టాననీ, గుణింతం దగ్గర జారాననీ చెప్పి, పదికి ఆరు మార్కులు వేశాడు. అక్క నాకూ ఆయనకూ కలిపి సున్నా వేసింది.

అంతకన్నా పెద్ద దెబ్బ నిక్కరు విషయంలో తగిలింది. దర్జీ దగ్గర కొలతల చిట్టీలన్నీ అంకెలే కదా. గంజిలో, అంటే ధాన్యం బజారులో, బస్తాలు మోసే పెద్దులు నిక్కరుకు గుడ్డ ఇచ్చి పోయాడు. క్రిస్‌మస్ ముందు రోజులు, ఊపిరి సలపనంత పని. బల్ల మీద 21-32-27-21-21 అని ఉంటే అదే కొలత అనుకుని కత్తిరించేశాను. పొడుగు ఇరవై ఒకటి, నడుము ముప్పై రెండు, పిరుదులు ఇరవై ఏడు. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను గానీ, ఎవరి ఒళ్లు ఎట్లా ఉంటే మనకెందుకని కుట్టిచ్చాను. అది బావ తెమ్మన్న పెసరపప్పు. పెద్దులు ఆ నిక్కరులో నిలబడగలిగాడు గానీ వంగలేకపోయాడు. వంగకుండా బస్తా ఎత్తే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

చర్చి గుళ్లో కూడా ఆయన ఊరుకునేవాడు కాదు. ఆ రోజు పాడబోయే కీర్తనల నంబర్లు పలక మీద రాసి గోడకు తగిలిస్తారు. ఒక ఆదివారం 20, 18, 27 అని ఉంటే బావ నన్ను మోచేత్తో పొడిచి, నిదర అని వస్తోంది, పాస్టరు అయ్యగారు ముందే హెచ్చరించారు చూడమన్నాడు. నాకు నవ్వాగలేదు. ప్రసంగం ఆపి అయ్యగారు నన్ను చూసిన చూపుకు ఆ తర్వాత రెండు ఆదివారాలు చివరి వరుసలో కూర్చున్నాను. బావ మాత్రం ముందు వరుసలోనే, ఎంతో భక్తిగా.

ఇంతమంది విసుక్కుంటున్నా ఆయన చిట్టీలకు ఒక్క అభిమాని దొరికాడు. పేరు మంగ్త్యా. వాడపల్లి దారిలోని తండావాడు, నలభై ఏళ్ల మనిషి, బండి తోలి బతికేవాడు. నలభై తొమ్మిది ఎండాకాలంలో అతని జోడెడ్లలో ఒకటి చచ్చిపోయింది. బండి మూలన పడింది. భార్య పుష్పాబాయి నాట్లకు, కలుపులకు పోతే ఆ ఇల్లు గడవాలి. సరిగ్గా అప్పుడే మిర్యాలగూడ నుంచి వాడపల్లి దాకా ఊరూరికీ ఉత్తరాలు మోసే మనిషి కావాలని టపా ఆఫీసులో అన్నారు. నడవడం మంగ్త్యాకు లెక్క కాదు. చదువొచ్చా అని అడిగితే వచ్చునన్నాడు. పేరు రాసుకున్నారు. దసరా దాటాక సూర్యాపేటలో పరీక్ష. ఆ తండా నుంచి సర్కారు నౌకరీకి పేరు ఎక్కిన మొదటి మనిషి అతనే. అందరూ అతని మీదే ఆశ పెట్టుకున్నారు.

అంత పరీక్ష ముందు పెట్టుకుని ఆ మనిషి ప్రతి శనివారం కట్టెల మోపుతో వచ్చి, మా అరుగు మీద బావ ఎదురుగా కూర్చుని చిట్టీలు విప్పేవాడు. విప్పి విప్పి చెమటలు పట్టేవి. నాకు చూడబుద్ధి కాక, ఈ ఆటలు మాని కాస్త పుస్తకం పట్టుకోమని చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. ఇంకొకటి కూడా నాకు కడుపుమంటగా ఉండేది. మాకిచ్చే చిట్టీలకు వెనక తెల్ల కాగితమే. మంగ్త్యాకిచ్చే వాటి వెనక మాత్రం గుండ్రటి అక్షరాలతో జవాబు రాసి ఉండేది. ఇదేం పక్షపాతమని బావను అడిగాను.

"నీకు టైమున్నది, కొట్టుకో. ఆయనకు లేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ప్రయత్నం కూడా చేయలేదు, ఎందుకంటే అప్పటికి నేను బావ మాటలకు అర్థాలు వెతకడం మానేసి చాలా రోజులైంది.

అవి మంచి రోజులు కావు. అడవుల్లో కమ్యూనిస్టు దళాలు, ఊళ్ల బయట పోలీసు క్యాంపులు. దారిన పోయేవాడి జేబులో బీడీ కట్ట ఉన్నా విప్పి చూసేవాళ్లు. పరీక్ష ఇంకా రెండు వారాలుందనగా వాడపల్లి దారిలో బావను ఆపి జేబులు తడిమారు. నలభై చిట్టీలు దొరికాయి. ఒక వైపు 29-13-21-28, రెండో వైపు వాడపల్లి. ఒక వైపు 1-18-13, రెండో వైపు కోదాడ. అన్నీ ఊళ్ల పేర్లే. క్యాంపు జమాదారు హీరాలాల్ ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు. తెలుగు రాదు గానీ రహస్య సమాచారం ఎట్లా ఉంటుందో తెలుసు. తెలుగు వచ్చిన జవానుతో చదివించి, దళాలకు పోయే కబుర్లు దొరికాయని మీసం మీద చెయ్యి వేశాడు.

కబురు తెలిసి అక్కా నేనూ పరుగెత్తాం. బావ గుడారం ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదని మొహమే చెబుతోంది. జమాదారు ఉర్దూలో అడుగుతున్నాడు, బావ ఉర్దూలోనే జవాబిస్తున్నాడు. ఇవి ఎందుకు రాశావంటే సరదా అన్నాడు. ఊళ్ల పేర్లే ఎందుకంటే, కూరగాయల పేర్లు అయిపోయాయన్నాడు. ఎవరికిస్తావంటే తిన్నగా నన్ను చూపించాడు. నేను అక్క వెనక్కి జరిగాను.

క్యాంపు కంచె బయట మంగ్త్యా నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పాలన్నట్టు ముందుకు వచ్చాడు, నోరు తెరిచాడు. బావ అతన్ని చూసి, నేను ఎన్నడూ విననంత గట్టిగా కసురుకున్నాడు.

"గీడ నీకేం పని? నోరు మూసుకొని పో. పోయి నీ పని సూసుకో."

మంగ్త్యా తల దించుకుని వెళ్లిపోయాడు. కష్టంలో చూడ్డానికి వచ్చిన మనిషిని అట్లా తరిమినందుకు నాకు బావ మీద నిజంగానే కోపం వచ్చింది.

ఆయన్ని విడిపించడానికి నాకు ఒక్కటే దారి తోచింది. మా బావ దళాల మనిషి కాదు, ఉత్త పిచ్చివాడని రుజువు చేయడం. పూల సంగతి చెప్పాను, గుడి సంగతి చెప్పాను, చివరికి పెద్దుల్ని నిక్కరుతో సహా పిలిపించాను. పెద్దులు దాన్ని అందరి ముందూ తొడుక్కుని, వంగబోయి వంగలేక చూపించాడు. జమాదారు స్వయంగా టేపు పెట్టి కొలిచాడు. ఇరవై ఒకటి, ముప్పై రెండు, ఇరవై ఏడు. పెసరపప్పు అని జవాను విడమరిచి చెప్పాడు. క్యాంపు క్యాంపంతా పొట్ట పట్టుకుని నవ్వింది. జమాదారు కూడా నవ్వి, రిజిస్టరులో దిమాగ్ ఖరాబ్, అంటే మతి చెడింది, అని రాసుకుని బావను వదిలేశాడు. ఆయన లోపల ఉన్నది రెండు రోజులు.

ఆ రిజిస్టరు మాట మర్నాటికి ఊరంతా పాకింది. బడి కమిటీవాళ్లు పిలిచి, ఇంకోసారి ఇట్లా అయితే వేరే పంతుల్ని చూసుకుంటామన్నారు. బజారులో వెనక నుంచి పిచ్చి పంతులు అని పిలిచేవాళ్లు. అక్క ఏడ్చింది. నేను చేసిన సాక్ష్యానికి నాకే సిగ్గేసింది. బావ మాత్రం కడుపునిండా తిని, ఇవాళ ఏం వారమని అడిగాడు. శనివారమని తెలిసి అరుగు మీద చాప వేసుకుని మంగ్త్యా కోసం కూర్చున్నాడు. అతను వచ్చాడు. ఇద్దరూ మళ్లీ చిట్టీల్లో పడ్డారు.

పరీక్ష రోజున నాకు సూర్యాపేటలో గుడ్డ కొనే పని ఉండి మంగ్త్యాతో పాటే బస్సెక్కాను. టపా ఆఫీసు వరండాలోనే పరీక్ష. ఆరుగురు వచ్చారు. ఒక్కొక్కరి ముందూ ముప్పై కవర్లు కుప్పగా పోసి, ఊరు ఊరుకూ వేరు చేయమన్నారు. మంగ్త్యా పెదవులు కదుపుతూ మొదలుపెట్టాడు. మెట్ల మీద కూర్చున్న నాకు అతను గొణిగేది వినబడింది. ఇరవై తొమ్మిది, పదమూడు, ఇరవై ఒకటి. చేతులు మాత్రం ఆగడం లేదు. మిగతావాళ్లు సగంలో ఉండగానే అతని కవర్లు ఊళ్ల వారీగా బల్ల మీద బారులు తీరాయి. ఆఫీసు పెద్దబాబు వాటిని సరిచూసి, ఒక కవరు తీసి చదివించి, సంతోషపడి, నువ్వు ఏ బడిలో చదివావని అడిగాడు.

ఏదో ఒక బడి పేరు చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. మంగ్త్యా లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, తప్పు జెప్పిన. పేరు రాయిచ్చుకున్ననాడు నాకు ఒక్క అక్షరం రాదు. బస్తాలు లెక్కవెట్టుకుంట నంబర్లు నేర్సిన, అవే వొచ్చు. మిర్యాలగూడల జానయ్య సారు నంబర్ల మీదికెళ్లి అక్షరాలు నేర్పిండు. నలుగురు సూస్తే నాకు సిగ్గని ఆట లెక్క జేసిండు. సారును పిచ్చోడంటున్నరు. సారు పిచ్చోడు గాదు."

ఇంత కష్టపడి చేతికందిన నౌకరీ ఈ ఒక్క మాటతో పోతుందని నాకు భయమేసింది. పెద్దబాబు కుప్పలోంచి ఇంకో కవరు తీసి ఇచ్చాడు. మంగ్త్యా చదివాడు. ఇంకొకటి ఇచ్చాడు. అదీ చదివాడు. అప్పుడు తనకు ఇయ్యాల వచ్చే చదువుతోనే పని, అప్పటిదానితో కాదని చెప్పి, అతని పేరు ఎదురుగా గీత గీసి సంతకం చేశాడు. నేను గుడ్డ కొనడం మరిచిపోయి అదే బస్సులో తిరిగొచ్చాను.

ఇంటికి రాగానే బావను నిలదీశాను. జమాదారుకు నిజం చెప్పి ఉంటే ఆ రోజే వదిలేసేవాడు కదా, రెండు రోజులు నేల మీద కూర్చోవడం ఎందుకు, ఊళ్లో ఈ పేరెందుకు అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ మామూలుగా చెప్పాడు.

"నన్ను పిచ్చోడంటే ఏమైతది బామ్మర్దీ? తిట్టుకుంటనన్న మీ అక్క బువ్వ వెడ్తది. మంగ్త్యాకు సదువు రాదని క్యాంపుల తెలిస్తే తెల్లారేసరికి టపా ఆఫీసుల తెలుస్తది. పేరు కొట్టేస్తరు. గంతే."

ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది గానీ, బావమరిదిని కనుక సిగ్గుపడి ఊరుకున్నాను. అక్క తలుపు వెనక కళ్లు ఒత్తుకుంది. తర్వాత తేరుకుని, మంగ్త్యా వచ్చింది మొన్ననే కదా, మరి పెండ్లయిన నాటి నుంచి నాకిచ్చిన చిట్టీలు ఎవరి చదువు కోసమని అడిగింది. బావ దూలాల వంక చూశాడు. జబ్బు జబ్బే, అందులో సందేహం లేదు.

ఆ పై శనివారం మంగ్త్యా ఖాకీ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. కూడా పుష్పాబాయి, తండా మనుషులు ఇద్దరు. అందరి చేతుల్లో కొత్త పలకలు. ఇక దాచుకునే పని లేదు, వీళ్లకూ చదువు కావాలి, తిన్నగా అక్షరాలే చెప్పమని మంగ్త్యా వినయంగా అడిగాడు. మంచిదే, అక్షరాలే చెబుతానని బావ అన్నాడు. అంటున్నప్పుడు ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. క్యాంపులో కూడా అంత దిగాలుగా లేడు.

పుష్పాబాయి పలక కింద పెట్టి, కొంగు సర్దుకుని ముందుకు జరిగింది.

"నాకు నంబర్లే కావాలె సారూ. ఇంట్ల ఈన నన్ను సూసి నంబర్లు సదువుతుండు. తిడుతుండో, మెచ్చుకుంటుండో నాకెరుక కావాలె."

మంగ్త్యా చెవులదాకా ఎర్రబడ్డాడు. బావ అరుగు మీద చప్పున పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చి, కాగితం కోసం జేబులు తడుముకున్నాడు. జేబులో ఒక్క ముక్క కూడా లేదు. అప్పుడు మా అక్క లోపలికి వెళ్లి, కొత్త నోటుబుక్కు తెచ్చి, చిట్టీలుగా చింపి ఆయన ఒళ్లో పోసింది.